యాభై ఎనిమిదేళ్లు నిండిన కార్మికుడు ఎవరివాడు?

ఫరీదాబాద్ పారిశ్రామికవాడలో ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర కొద్దిసేపు నిలబడినా రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ఉదయం పూట గేటు బయట కాంట్రాక్టరు మనుషులు పనివాళ్లను ఏరుకుంటూ ఉంటారు. ముప్ఫై అయిదు దాటినట్లు ముఖం చెబుతున్న మనిషిని పక్కకు జరగమంటారు. వయస్సు అడగరు, కాగితాలు చూడరు, జుట్టు చూస్తారు. ఇక్కడి బస్తీల్లోని మంగలి దుకాణాల్లో తలకు రంగు వేయించుకునేవారిలో పెళ్లిచూపులకు పోయేవారికంటే పనికి పోయేవారే ఎక్కువని నా అనుభవం. ఇక సాయంత్రం పూట అదే గేటులోనుంచి అప్పుడప్పుడూ ఒక మనిషి మెడలో బంతిపూల దండతో, చంకలో గోడ గడియారం పెట్టెతో బయటికి వస్తాడు. ఆయనకు ఆ రోజుతో యాభై ఎనిమిది నిండినవి. మరునాడు ఆయన అదే గేటు దగ్గరికి వస్తే సెక్యూరిటీవాడు ఎవరు కావాలని అడుగుతాడు.

అక్టోబర్ 1వ తేదీని ఐక్యరాజ్యసమితి 1991 నుంచి వృద్ధుల దినంగా పాటిస్తున్నది. ఆ రోజున మన దేశంలో ఊరూరా సభలు జరుగుతవి. శాలువాలు కప్పుతారు, పండ్లు పంచుతారు, మన సంస్కృతిలో పెద్దలకు గల గౌరవాన్ని గురించి ఉపన్యసిస్తారు. అలాంటి సభ ఒకదానికి నేను కూడా వక్తగా వెళ్లవలసి వచ్చింది. ‘పెద్దల మాట చద్దిమూట’ అన్న సామెతను నాకంటే ముందు మాట్లాడిన వారిలో ఇద్దరు వాడేశారు. నేను కూడా అటువంటిదే ఏదో చెప్పి దిగాను. వేదిక దిగిన తర్వాత, శాలువా కప్పించుకున్న ఒక రిటైర్డ్ టర్నర్ నా దగ్గరికి వచ్చి, తన పింఛను పన్నెండు వందల చిల్లర అనీ, అందులో పెరుగుదల ఎప్పటికైనా ఉంటుందా అనీ అడిగాడు. ఆయనకు నేను ఇచ్చిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నవల్లనే రాయవలసి వచ్చింది.

మన సమాజం వృద్ధులను గౌరవిస్తుందన్నది సగం నిజం. మిగిలిన సగం ఇంటి లోపల వినిపిస్తుంది. సంపాదన ఆగిపోయిన మనిషి ఏదైనా విషయంలో నోరు విప్పితే, ‘కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక నీకెందుకయ్యా’ అంటారు. ఈ మాట ఆస్తిపరుడైన ముసలివానితో ఎవరూ అనరు. గురజాడ ‘కన్యాశుల్కం’లోని లుబ్ధావధాన్లు కాటికి కాళ్లు చాచుకున్నవాడే అయినా, డబ్బు ఉన్నది గనుక ఆయనకు చిన్నపిల్లను కట్టబెట్టడానికి తండ్రి సిద్ధపడతాడు, మధ్యవర్తులు ఆయన చుట్టూ తిరుగుతారు. ఆ నాటకం తొలి ప్రదర్శన 1892లో జరిగింది. కొలబద్ద ఈనాటికీ మారలేదు. అందువల్ల వృద్ధుల పట్ల సంఘం వైఖరి అనేది ఒకటి కాదు, రెండు. ఆస్తిగల వార్ధక్యం పట్ల ఒకటి, రెక్కల కష్టం మీద బ్రతికిన వార్ధక్యం పట్ల మరొకటి. ట్రేడ్‌యూనియన్ వాళ్లం మనం మాట్లాడవలసింది రెండవదాన్ని గురించి. ఈ రెండవ విషయంలో మన సంఘాలు కూడా సమాజం వాడే కొలబద్దనే వాడుతున్నాయన్నది నా అభియోగం. దానికి తర్వాత వస్తాను.

పల్లెటూరి వ్యవసాయంలో మనిషి ఒకానొక తేదీన ముసలివాడు కాడు. నాగలి పట్టలేని రోజు వచ్చినప్పుడు గట్టు మీద కూర్చుని నీరు మళ్లించడం చూస్తాడు, కళ్లం కాపలా కాస్తాడు, తాడు పేనుతాడు, మనుమల్ని ఎత్తుకుంటాడు. పని తగ్గుతూ వస్తుందిగాని తెగిపోదు. పల్లెలో వృద్ధులు సుఖపడ్డారని దీని అర్థం కాదు. ఆకలి, రోగం, కోడలి మాట, అన్నీ అక్కడా ఉన్నాయి. కూలివాని ముసలితనం అక్కడ కూడా నరకమే. అయితే ఫలానా నెల ఆఖరు తేదీ సాయంత్రం సైరన్ మోగేసరికి మనిషి పనికిరానివాడైపోవడం అనేది ఫ్యాక్టరీ తెచ్చిన కొత్త సంగతి. జీతం, హాజరు పుస్తకంలో పేరు, ఈ.ఎస్.ఐ. కార్డు, క్యాంటీన్‌లో కూర్చునే బల్ల, పదిమందిలో ‘ఉస్తాద్’ అన్న పిలుపు, అన్నీ ఒకే గంటలో పోతవి.

పోనీ, ఆ వయస్సు ప్రకృతి నిర్ణయించినదా? ఎంత మాత్రం కాదు. జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1889లో వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చినప్పుడు అర్హత వయస్సు 70. దానిని 65కు తగ్గించింది 1916లో, యుద్ధం మధ్యలో. అంత దూరం పోనక్కరలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి ఏనాడు వృద్ధుడవుతాడో చూడండి. 1979లో విరమణ వయస్సును 55 నుంచి 58కి పెంచారు. 1983 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం దానిని తిరిగి 55కు దించింది. యాభై అయిదు నిండినవారందరూ ఒక్కసారిగా ఆ నెలాఖరున ఇంటికి పోయారు. ప్రభుత్వశాఖల్లోనే పద్ధెనిమిది వేలమందికి పైగా ఆ విధంగా పోయారు. నిన్నటిదాకా ఫైళ్లు చూస్తున్నవారు ఆర్డినెన్సు కారణంగా ఒక్క రాత్రిలో ముసలివారైనారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించింది. ఈలోగా 1984లోనే వయస్సు మళ్లీ 58 అయింది. మధ్యలో ఇంటికి పంపబడినవారు తమ గతి ఏమిటని మరల కోర్టుకెక్కవలసి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో అది 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61 అయింది. ఇన్ని మార్పుల్లోనూ మనుషుల ఎముకల్లో వచ్చిన మార్పేమీ లేదు. ఖజానా పరిస్థితి, ఎన్నికలు, నిరుద్యోగుల ఆందోళన, వీటిని బట్టి వార్ధక్యం ముందుకూ వెనక్కూ జరిగింది.

మరొక చిన్న విషయం. 2013 కంపెనీల చట్టం ప్రకారం మేనేజింగ్ డైరెక్టరు డెబ్బయి ఏళ్ల వరకు నిరభ్యంతరంగా పనిచేయవచ్చును. ఆ పైన కూడా వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేస్తే కొనసాగవచ్చును. గేటు బయట ముప్ఫై అయిదుకే ముసలివాడని తోసివేయబడేవాడూ, పై అంతస్తులో డెబ్బయి దాటినా ‘అపార అనుభవం’ గలవాడుగా కొనియాడబడేవాడూ ఒకే ఫ్యాక్టరీకి చెందినవారు. అనుభవం అనే మాట అంతస్తు ఎక్కేకొద్దీ బరువెక్కుతుంది కాబోలు!

వృద్ధులు తప్పుకుంటేనే యువకులకు ఉద్యోగాలు వస్తాయన్నది 1983లో వినిపించిన వాదన. ఈనాటికీ వినిపిస్తున్నది. మన యువ కార్యకర్తల్లో కూడా దీనిని నమ్మేవారున్నారు. వారు ఫరీదాబాద్ వచ్చి చూడాలని కోరుతున్నాను. దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన శరణార్థులకోసం 1949-50 ప్రాంతంలో ఇక్కడ కొత్త పట్టణం లేచింది. ఆ శరణార్థులే ఇళ్లు కట్టారు, తర్వాత ఫ్యాక్టరీల్లో చేరారు. ఎస్కార్ట్స్ ట్రాక్టర్లు, బాటా పాదరక్షలు, బల్లభ్‌గఢ్‌లో గుడ్‌ఇయర్ టైర్లు ఈ పట్టణం పేరును దేశమంతా చాటాయి. వారి తర్వాత ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్‌ల నుంచీ, కొంతమంది మన తెలుగు జిల్లాల నుంచీ వచ్చి పనిలో చేరారు. ఆ తరాలవారు పర్మినెంట్ కార్మికులుగా చేరి పర్మినెంట్ కార్మికులుగానే విరమించారు. ఈ ఇరవై, ముప్ఫై ఏళ్లలో ఇక్కడ విరమించినవారి స్థానాలు ఏమైనవి? నేను చూసిన ఫ్యాక్టరీల్లో అవి కొడుకుల తరానికి పర్మినెంట్ ఉద్యోగాలుగా దక్కలేదు. ఒక పర్మినెంట్ కార్మికుడు పోయిన చోట కాంట్రాక్టు కార్మికుడో, ఆరునెలల ‘ట్రైనీ’యో వచ్చాడు. తండ్రి ఖాళీ చేసిన స్టూలు మీద కొడుకు కూర్చోలేదు, యాజమాన్యం ఆ స్టూలునే తీసివేసింది. కనుక ముసలివాణ్ని యువకుని ఎదుట పోటీకి నిలబెట్టే వాదం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే విరమణ వయస్సును పెంచుకుంటూ పోవడమే పరిష్కారమనుకునే సోదరులతో కూడా నేను ఏకీభవించలేను. సచివాలయంలో గుమాస్తాకు 62 సమంజసమే కావచ్చు. పవర్ ప్రెస్ మీద ఇరవై ఏళ్లు పనిచేసిన వానికి యాభై కూడా ఎక్కువే. ఈ ప్రాంతపు మోటారు విడిభాగాల కర్మాగారాల్లో ప్రెస్ కింద వేళ్లు పోగొట్టుకున్నవారు లేని బస్తీ లేదు. రాత్రి షిఫ్టులు, మిషన్ల హోరు, కటింగ్ ఆయిల్ ఆవిర్లు మనిషి వయస్సుకు పదేళ్లు కలుపుతవి. ఇంతకంటే ఘోరమైన చరిత్ర కూడా ఈ జిల్లాలో ఉన్నది. ఫరీదాబాద్ పరిసరాల రాతి గనుల్లో వెట్టిచాకిరి చేస్తున్నవారి తరఫున బంధువా ముక్తి మోర్చా వేసిన పిటిషన్‌పై జస్టిస్ పి.ఎన్. భగవతి ప్రభృతులు 1983 డిసెంబర్ 16న తీర్పు చెప్పారు. శుభ్రమైన తాగునీరు, వైద్యం, రాతి ధూళి లేవకుండా నీటి చిలకరింపు లేదా ధూళిని పీల్చే యంత్రాలు, ఇవన్నీ ఆ తీర్పులోని ఆదేశాలు. రాతి ధూళి ఊపిరితిత్తులలో పేరుకుపోయినవానికి నలభై ఏళ్లకే అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది. 2009లో సుప్రీంకోర్టు ఈ ఆరావళి ప్రాంతంలో గనుల తవ్వకాన్ని ఆపించింది. తవ్వకం ఆగింది గాని, ఊపిరితిత్తుల్లోకి పోయిన ధూళి అక్కడే ఉండిపోయింది. వారికి విరమణ దినం లేదు, దండలు లేవు, పింఛను లేదు.

స్త్రీల విషయం ఇంకా వేరు. బట్టల ఎగుమతి కర్మాగారాల్లో కుట్టుపని చేసే స్త్రీకి కళ్లు సహకరించనినాడు ఉద్యోగం పోతుంది, కాని ఇంటి చాకిరి పోదు. ఏ చట్టమూ ఆమెను ఆ పనినుంచి విరమింపజేయదు. ఆమెను ముసలిది అంటారు, మరుక్షణం మనుమరాలికి జడ వేయమంటారు.

ఇప్పుడు ఆ టర్నర్ అడిగిన ప్రశ్నకు వద్దాం. 1952 భవిష్యనిధి చట్టం కార్మికునికి విరమణనాడు కొంత మొత్తం చేతికిచ్చే ఏర్పాటు చేసింది. ఆ మొత్తం కూతురి పెళ్లికో, పాత అప్పులకో పోతుందన్నది అందరికీ తెలిసిందే. 1971లో వచ్చిన కుటుంబ పింఛను పథకం కార్మికుడు మరణిస్తే అతని కుటుంబానికి నెలనెలా కొంత ఇచ్చింది. బ్రతికి ఉన్న కార్మికునికి నెలవారీ పింఛను 1995 నవంబర్ 16 నుంచి అమలులోకి వచ్చిన పథకంతో మొదలైంది. యజమాని చెల్లించే వాటాలో వేతనంపై 8.33 శాతం ఇందులోకి పోతుంది, కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. పింఛను లెక్కించే వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. చూడటానికి లెక్క న్యాయంగానే ఉంది. కిటుకంతా వేతన పరిమితిలో ఉన్నది. మొదట అది 5,000 రూపాయలు, 2001 నుంచి 6,500, 2014 సెప్టెంబర్ నుంచి 15,000. పదేళ్లు పనిచేసినవానికి 6,500 పరిమితిమీద లెక్కిస్తే నెలకు 928 రూపాయలు వస్తుంది. పదిహేను వేల మీద లెక్కించినా 2,142. పైగా 2014లో, చివరి పన్నెండు నెలల సగటుకు బదులు చివరి అరవై నెలల సగటును తీసుకోవాలని మార్చారు. అంటే వేతనం పెరిగినవారికి ఆ పెరుగుదల ఫలితం కూడా పలచబడింది. యాభై ఎనిమిదికి ముందే ఒళ్లు సహకరించక యాభై తర్వాత పింఛను తీసుకునేవానికి ముందు తీసుకున్న ప్రతి ఏడాదికి నాలుగు శాతం కోత. ప్రెస్ మీద పనిచేసినవాడూ, కుర్చీలో పనిచేసినవాడూ ఈ కోత ముందు సమానమే!

అన్నింటికంటే పెద్ద అన్యాయం ఏమిటంటే, ఈ పింఛను ధరల సూచికతో ముడిపడలేదు. పనిలో ఉన్నంతకాలం కరువు భత్యం కోసం పోరాడినవాడికి, విరమించిన మరునాటినుంచి కందిపప్పు ధర పెరగదని ప్రభుత్వం భావించినట్లున్నది. రాజ్యసభ పిటిషన్ల కమిటీ, భగత్‌సింగ్ కోష్యారీ అధ్యక్షతన, కనీస పింఛను మూడు వేలయినా ఉండాలని 2013లో సిఫార్సు చేసింది. 2014 సెప్టెంబర్ నుంచి ఖరారైనది వెయ్యి. ఆ తర్వాత పదేళ్లు గడిచినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉన్నది. 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అధిక వేతనంపై వాటా చెల్లించినవారికి కొంత దారి తెరిచింది. మంచిదే. కాని వెయ్యి, పన్నెండు వందలు తీసుకునే టర్నర్‌కు ఆ తీర్పుతో పనిలేదు.

ఇదే హర్యానాలో 1987లో దేవీలాల్ ప్రభుత్వం వృద్ధులకు నెలకు వంద రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి ఇక్కడ ‘సమ్మాన్ భత్తా’ అని పేరు, అంటే గౌరవ భత్యం. 2024 జనవరి నాటికి అది మూడు వేలయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. కేంద్ర ప్రభుత్వం మాత్రం తన వాటాగా ఎనభై ఏళ్లలోపు వృద్ధునికి ఇస్తున్నది ఏనాడో నిర్ణయించిన రెండు వందలే. రాష్ట్రాలు ఇస్తున్న మొత్తం ఎక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది ఎవరి దయా కాదు. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను యజమాని ఇష్టం మీద ఆధారపడే బహుమానం కాదని, చేసిన పనికి దక్కవలసిన ప్రతిఫలమని స్పష్టంగా చెప్పింది. నా ప్రశ్న ఒక్కటే. ప్రతినెలా తన పేరున వాటా జమ అయిన కార్మికునికి హామీ ఉన్న కనీస మొత్తం వెయ్యిగా ఎందుకు మిగిలిపోయింది?

బల్లభ్‌గఢ్ చుట్టుపక్కల గ్రామాలకు యూనియన్ పనిమీద వెళ్లినప్పుడు ఒక విషయం గమనించాను. భత్యం అందుకునే ముసలమ్మ పండుగకు మనుమడి చేతిలో వంద రూపాయల నోటు పెడుతుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు కొంత విలువ ఉన్నది. కొడుకు మంచివాడా, కోడలు మంచిదా అన్నవి తర్వాతి ప్రశ్నలు. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం, వృద్ధులైన తల్లిదండ్రులను పోషించని పిల్లలనుంచి నెలకు పదివేల వరకు ఇప్పించవచ్చునని చెప్పింది. ఆస్తి రాయించుకుని తల్లిని వీధిలో వదిలేసిన కొడుకుమీద ఆ చట్టం ప్రయోగించవలసిందే. కాని 2025లో హర్యానాలో నైపుణ్యం లేని కార్మికుని కనీస వేతనమే నెలకు పదకొండు వేల పైచిలుకు. గది అద్దె, పిల్లల ఫీజులు పోగా ఆ కొడుకు దగ్గర మిగిలేదెంత? యజమానీ, ప్రభుత్వమూ మోయవలసిన బాధ్యతను తీసుకువచ్చి కొడుకు నైతికత మీద పెట్టి, ఆ తర్వాత ఈ తరానికి సంస్కారం లేదని ఉపన్యాసాలివ్వడం మోసం. సింగరేణి సోదరులకు ఈ సంగతి మరొక రూపంలో తెలుసు. తండ్రి వైద్యపరంగా పనికి అనర్హుడని తేలితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. ఇంట్లో తండ్రి ఆరోగ్యంగా ఉండటం కంటే అనర్హుడు కావడమే మేలని ఎదురుచూసే పరిస్థితికి మనుషుల్ని ఎవరు తెచ్చారు?

దూరప్రాంతంలో వృద్ధుడైన తెలుగు కార్మికునికి మరొక ఇబ్బంది. స్వగ్రామంలో ఇల్లు అన్నదమ్ముల పాలయింది, ఇక్కడ ఉన్నది అద్దె గది. ఏడాదికొకసారైనా ఊరికి పోయి వద్దామంటే, అరవై నిండిన పురుషులకు రైలు చార్జీలో నలభై శాతం, యాభై ఎనిమిది నిండిన స్త్రీలకు యాభై శాతం ఉన్న రాయితీని 2020 మార్చిలో కోవిడ్ పేరుతో ఆపివేశారు. రైళ్లన్నీ తిరిగి నడిచిన తర్వాత కూడా ఏళ్ల తరబడి దానిని పునరుద్ధరించలేదు.

ఇక మన విషయం. పేరు రాయడం ఆయనకు ఇష్టం ఉండదు గనుక బాబాయ్ అనే అంటాను. మేమంతా అలాగే పిలుస్తాం. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాడు. సమ్మెల్లో సస్పెండయ్యాడు, మళ్లీ చేరాడు, యూనియన్ కమిటీలో చాలాకాలం ఉన్నాడు. విరమించిన రోజున మేమే దండ వేశాం, మేమే గడియారం ఇచ్చాం. నియమావళి ప్రకారం ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో లేనివాడు సభ్యుడు కాడు గనుక కమిటీనుంచి ఆయన పేరు తీసివేశాం. అయినా ప్రతి సాయంత్రం ఆఫీసుకు వచ్చేవాడు. వచ్చినవాళ్లకు టీ తెప్పించేవాడు, పాత సమ్మెల కథలు చెప్పేవాడు. చెప్పినవే మళ్లీ చెబుతున్నాడని కుర్రాళ్లు విసుక్కునేవారు. ఒకనాడు వేతన ఒప్పందం గురించి మాట్లాడుకుంటుంటే ఆయన మధ్యలో ఏదో అన్నాడు. నేను, ‘బాబాయ్, ఇవన్నీ ఇక మేం చూసుకుంటాం. మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి’ అన్నాను. గౌరవంగానే అన్నాననుకున్నాను. మరునాటినుంచి ఆయన రాలేదు. రాలేదన్న సంగతి నాకు రెండు నెలలదాకా తట్టలేదు.

తర్వాత కొంతకాలానికి ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి విరమించిన ఒక వెల్డర్ పింఛను దరఖాస్తు తిరిగి వచ్చింది. చేరిన తేదీ ఒక కాగితంలో ఒక రకంగా, మరొక కాగితంలో మరొక రకంగా ఉన్నది. పేరులో అక్షరాలు కూడా కలవలేదు. ఆ తేడావల్ల సర్వీసు పదేళ్లకు తగ్గిపోయి, పింఛనే రాని ప్రమాదం ఏర్పడింది. యాజమాన్యం పాత రికార్డులు లేవన్నది. అప్పుడు ఎవరో బాబాయ్ నోటు పుస్తకాల సంగతి గుర్తుచేశారు. చందాలు వసూలు చేసిన రోజుల్లో ప్రతి కార్మికుడూ ఏ తేదీన, ఏ విభాగంలో, ఏ టోకెన్ నెంబరుతో చేరాడో ఆయన స్వహస్తంతో రాసుకునేవాడు. నేను ఆయన గదికి వెళ్లాను. పుస్తకాలు ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. ‘టీ తాగి వెళ్లు’ అన్నాడు. ఆ పుస్తకంలోని తేదీని పట్టుకుని పాత జీతపు చీట్లు, ఈ.ఎస్.ఐ. కాగితాలు వెదికి జతచేశాం. వెల్డర్‌కు పింఛను వచ్చింది. మొత్తం చిన్నదే, కాని వచ్చింది.

అదే బాబాయ్ మరొక పని కూడా నెత్తిన వేసుకున్నాడు. పింఛనుదారుడు తాను బ్రతికే ఉన్నానని ఏటా ధ్రువపరచుకోవాలి. 2014 నవంబర్ నుంచి దీనికి వేలిముద్ర పద్ధతి వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆకురాయి పట్టిన వేళ్లకు ముద్రలేం మిగులుతాయి? ప్రెస్ కింద నలిగిన బొటనవేలిని యంత్రం గుర్తించదు. మనిషి కౌంటరు ముందు నిలబడి ఉంటాడు, యంత్రం అతను లేడంటుంది. తర్వాత ముఖాన్ని చూసి గుర్తించే పద్ధతి కూడా వచ్చిందిగాని, అందుకు తగిన ఫోను అందరి దగ్గరా లేదు. ఇప్పుడు బాబాయ్ మా ఆఫీసులో వారానికి రెండు రోజులు కూర్చుని, ఒక కుర్ర కార్యకర్త ఫోను సాయంతో ఈ పని చేయిస్తున్నాడు. ఈ రెండు రోజుల్లో మా ఆఫీసుకు వచ్చేవారి సంఖ్య మిగిలిన రోజులకంటే ఎక్కువ. వచ్చిన వృద్ధులతోపాటు వారి కొడుకులు, అల్లుళ్లు వస్తున్నారు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులు. మేం గేటు దగ్గర కరపత్రాలు పంచి చేరుకోలేకపోయినవాళ్లు వీరే.

ఆమధ్య చందా వసూలు చేస్తున్నప్పుడు బాబాయ్ కూడా డబ్బు తీసి, రసీదు రాయమన్నాడు. రాయడానికి వీల్లేదు. ఆయన సభ్యుడు కాడు. విరాళం పుస్తకంలో రాశాం. ఆయన ఆ రసీదును మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని, ఆయన కోరినది అది కాదని నాకు తెలుసు.

చట్టం మనకు అడ్డమా అంటే, కాదు. ట్రేడ్‌యూనియన్ల చట్టానికి 2001లో జరిగిన సవరణలోనే, విరమించిన లేక రిట్రెంచ్ చేయబడిన ఉద్యోగిని యూనియన్ పదవి విషయంలో బయటివాడుగా పరిగణించరాదని స్పష్టంగా రాశారు. పార్లమెంటు బయటివాడు కాదన్న మనిషిని మన నియమావళి బయటివాణ్ని చేస్తున్నది. యాజమాన్యం హాజరు పుస్తకమే మన సభ్యత్వ పుస్తకానికి కూడా మూలమైనప్పుడు, మనిషిని చూసే చూపులో యాజమాన్యానికీ మనకూ తేడా ఎక్కడున్నదో చెప్పడం కష్టం.

దీనికి అభ్యంతరాలున్నాయని తెలుసు. విరమించినవారికి వోటిస్తే పాతకాపులే సంఘాన్ని పట్టుకుని కూర్చుంటారని ఒక యువ కామ్రేడ్ నాతో వాదించాడు. అతని భయం పూర్తిగా నిరాధారమని అనలేను. కుర్చీని వదలని నాయకుల్ని మనమందరం చూశాం, వారిలో కొందరు డెబ్బయి దాటినవారే. అందువల్ల వేతన ఒప్పందాలపై, సమ్మె నిర్ణయాలపై వోటు పనిలో ఉన్నవారికే ఉండాలి. పింఛను, వైద్యం, గ్రాట్యుటీ విషయాలపై విరమించినవారికి కూడా వోటు ఉండాలి, కమిటీలో ఒకటి రెండు స్థానాలుండాలి. పింఛనుదారులకు వేరే సంఘాలున్నాయి కదా అని మరికొందరు అంటారు. ఉన్నాయి, అవి చాలా పని చేస్తున్నాయి. అయితే వారి వెనుక పనిలో ఉన్న కార్మికుని సమ్మె శక్తి లేదు. పనిలో ఉన్న కార్మికుడు తన కోర్కెల పత్రంలో పింఛనును చివరి అంశంగా రాసుకుంటాడు, ఒప్పందం బల్ల దగ్గర మొదట వదులుకునేది ఆ అంశాన్నే. నేను కూర్చున్న ఒప్పందాల్లో నేనూ వదులుకున్నాను. నాకిప్పుడు యాభై ఆరు. ఆ వదులుకున్నదాని లెక్క నాకు ఇప్పుడిప్పుడే తెలిసివస్తున్నది.

రాబోయే కౌన్సిల్ సమావేశం ముందు ఫరీదాబాద్ యూనిట్ తరఫున ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాం. విరమించిన కార్మికుడు, మరణించిన కార్మికుని భార్య లేక భర్త, నామమాత్రపు చందాతో సభ్యులుగా కొనసాగవచ్చునని, పైన చెప్పిన పరిమితులకు లోబడి వారికి వోటు ఉంటుందని అందులో ఉన్నది. కనీస పింఛను పెంపు, దానిని ధరల సూచికతో ముడిపెట్టడం అనే కోర్కెలను ఇకమీదట ప్రతి కోర్కెల పత్రంలోనూ మొదటి మూడు అంశాల్లో చేర్చాలని వేరొక తీర్మానం కూడా పంపుతున్నాం. యూనిట్ల కార్యదర్శులు తమ తమ యూనిట్లలో గత పదేళ్లలో విరమించినవారు ఎందరో, వారిలో పింఛను అందనివారు ఎందరో, ఎంత మొత్తం అందుకుంటున్నారో లెక్క తీసి పంపితే సమావేశంలో మాట్లాడటానికి ఆధారముంటుంది. లెక్క తీయడానికి పాత చందా పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయో ముందుగా కనుక్కోండి. అవి ఆఫీసు బీరువాలో ఉండకపోవచ్చు.